తుల్యభాగ నీళ్ళు ఎక్కడివి?

డ్రెయిన్ల విభాగం మ్యాపుల్లో తుల్యభాగ ఒక మురుగుకాలవ. దానికి అడుగు వెడల్పు ఉంది, వాలు ఉంది, ఎంత వానకి ఎంత నీరు మోయాలో లెక్క ఉంది. వేసవి వస్తే గుర్రపుడెక్క తీయించాలి, పూడిక తోడించాలి. మా అక్కయ్య పూజగదిలోని పాత యాత్రా పుస్తకంలో అదే తుల్యభాగ, కశ్యప మహర్షి వెంట సముద్రానికి నడిచి వచ్చిన గోదావరి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి. నేను రిటైరయ్యాక అక్కయ్య సప్తసాగర యాత్రకి తోడు రమ్మంది. అప్పుడు రెండూ ఒకేచోట ఎదురయ్యాయి.

నది లేని చోట మునిగితే అది నదీస్నానం అవుతుందా? ఇదీ నా ప్రశ్న. నాస్తికుడి ప్రశ్నగా అడగడం లేదు. నేను సంధ్యావందనం మానినవాణ్ణి కాను. నమ్మేవాడికే ఈ ప్రశ్న బరువు.

కథ మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే. త్ర్యంబకం దగ్గర గౌతముడు దింపిన నది రాజమహేంద్రవరం దాటాక చీలింది. సప్తర్షులు తలో పాయనీ తీసుకుని సముద్రానికి వెళ్ళారు. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, భారద్వాజ, జమదగ్ని, కౌశిక, వాసిష్ఠ. వృద్ధగౌతమిని ఎక్కడ లెక్కలోకి తీసుకోవాలో ఒక్కో పుస్తకం ఒక్కోలా చెబుతుంది. ఆ ఏడు మొగల దగ్గరా, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట్ల, స్నానం చేయడం సప్తసాగర యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు, అదే చొల్లంగి అమావాస్య, కాకినాడ పక్కన చొల్లంగిలో మొదలవుతుంది. మాఘ శుద్ధ ఏకాదశికి, భీష్మ ఏకాదశికి, అంతర్వేది తీర్థంతో ముగుస్తుంది. సంతానం కోసం చేసేవాళ్ళున్నారు, పితృకార్యంగా చేసేవాళ్ళున్నారు. అక్కయ్య ఎందుకు చేసిందో ఇక్కడ చెప్పను, అది ఆవిడ సంగతి.

ఇప్పుడు మ్యాపు తీసి చూడండి. గౌతమి ఉంది, వాసిష్ఠ ఉంది. వైనతేయ చక్కగా పారుతోంది గానీ అది రుషుల లెక్కలో లేదు, వినత కొడుకు గరుత్మంతుడు తెచ్చుకున్నదంటారు. ఆత్రేయ అంటే కోరంగి ఏరు. తుల్యభాగ డ్రెయిను. అమలాపురం వైపు కౌశిక కూడా డ్రెయినే, ఎగువ కౌశిక, దిగువ కౌశిక అని రెండు భాగాలుగా రికార్డుల్లో ఉంటుంది. భారద్వాజ, జమదగ్ని పాయలైతే కంటికే కనపడవు. ఫలానా చోట ఉండేవని పెద్దలు చెప్పిన తావున యాత్రికులు సముద్రంలోనే మునిగి వస్తారు. ఏడింటిలో సగానికి పైగా ఇదీ పరిస్థితి. అయినా యాత్ర ఆగలేదు.

చొల్లంగిలో ఆ రోజు తెల్లవారక ముందే జనం. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు పక్కన జీళ్ళు, కొబ్బరికాయలు, ప్లాస్టిక్ బొమ్మలు. నీటి అంచు దాకా బురద. ఆ బురదలోనే పీటలు వేసుకుని పంతుళ్ళు సంకల్పాలు చెబుతున్నారు. మాకు చెప్పిన పంతులుగారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరని భగీరథుడిగా తలుచుకునే శ్లోకం కూడా కలిపి చెప్పారు. గోదావరి జిల్లాల్లో అది మామూలే, పెద్దవాళ్ళ నోట చాలా కాలంగా ఉన్నదే. పరదేశపు సైన్యంలో ఇంజనీరు, క్రైస్తవుడు, మన స్నాన సంకల్పంలో చోటు సంపాదించుకున్నాడు. ఈ దేశంలో మరే తెల్ల అధికారికైనా ఆ స్థానం దక్కిందా అంటే నాకు తెలిసి లేదు.

అక్కయ్య మోకాలి లోతుకి దిగి దోసిట్లో నీళ్ళు తీసుకుంది. ఆచమనం చేయబోతోంది. నేను ఉండబట్టలేక అన్నాను:

"అక్కా, ఇవి డ్రెయిను నీళ్ళు. పైనున్న పొలాల మురుగంతా ఇందులోకే దిగుతుంది. నెత్తిన జల్లుకో, లోపలికి తీసుకోకు."

"ఆ పొలాలకి నీళ్ళెక్కణ్ణించి వచ్చాయిరా?"

"ధవళేశ్వరం నుంచి."

"మరింకేం?" అని మూడుసార్లు పుచ్చుకుని మునిగింది.

ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది. నేను నీటిపారుదల చదివి, నీటిపారుదలలోనే జీతం తిన్నవాణ్ణి. ఆవిడ అన్నది ఇంజనీరింగు ప్రకారం అక్షరాలా నిజం.

1847లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. అంతకు ముందు వర్షం మీద, వరద మీద ఆధారపడ్డ డెల్టా ఇది. 1833 నాటి నందన కరువులో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆనకట్ట కట్టాక నది నీళ్ళు తూర్పు డెల్టాలోకి కాలవల్లో మళ్ళాయి. కాకినాడ కాలవ, కోరంగి కాలవ, ఇంజరం కాలవ. పెద్ద కాలవ నుంచి పంట కాలవకి, పంట కాలవ నుంచి బోదెకి, బోదె నుంచి మడికి. మడి నుంచి మడికి దిగి, చివరి మడి గట్టు దాటిన నీరు డ్రెయిన్లో పడుతుంది. పుష్యమాసం అంటే దాళ్వా, రెండో పంట, నాట్ల అదను. చొల్లంగిలో ఆ రోజు అక్కయ్య దోసిట్లో ఉన్న నీటిలో చాలా భాగం కొద్ది రోజుల కిందట ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ దాటినదే. పాత పాయ ఎప్పుడో పూడుకుపోయింది. కొత్త దారిలో, వేల మడుల మీదుగా అదే గోదావరి అదే మొగకి చేరుతోంది. కశ్యపుడు తెచ్చిన దారి మూసుకుపోతే, కాలవలు తవ్విన కూలీల చేతుల మీదుగా నది ఇంకో దారిలో వచ్చింది. పంతులుగారి సంకల్పంలో కాటన్ పేరు ఉండడం కృతజ్ఞత అనుకున్నాను అంతదాకా. అంతకన్న ఎక్కువే. ఆ మొగలో స్నానం నదీస్నానం అని చెప్పడానికి అది ఆధారం.

ఈ విషయంలో మన సంప్రదాయం రెండు జవాబులు ఇచ్చింది. అనుశాసనిక పర్వంలో భీష్ముడు మానస తీర్థం గురించి చెబుతాడు: సత్యం, ఓర్పు, దయ, ఇవే నిజమైన తీర్థాలని, ఒళ్ళు తడిసినంత మాత్రాన స్నానం కాదని. గొప్ప మాట. రెండోది అంతర్వాహిని. కనపడని నది భూమి లోపల పారుతూనే ఉంటుందని, ప్రయాగలో సరస్వతిలాగా. మా వైపు భారద్వాజకీ, జమదగ్నికీ ఇదే చెబుతారు. ఈ రెండు జవాబులకీ నేను చేతులు జోడిస్తాను. కానీ డ్రెయిన్లలో తిరిగిన కాళ్ళతో ఆలోచిస్తే రెండిటిలోనూ ఒక చిక్కు ఉంది. తీర్థం మనసులోనే ఉంటే బయటి నది ఉన్నా లేకున్నా ఒకటే. నది భూమి లోపల క్షేమంగా ఉంటే పైన మనమేం చేసినా దానికి అంటదు. రెండు దారుల్లోనూ నదికి మన అవసరం లేదు, మనకి నది బాధ్యత లేదు. అక్కయ్య జవాబు మూడోది. నది మన పొలాల్లోంచి వస్తోంది. మన అన్నంలోంచి వస్తోంది.

అలా ఒప్పుకుంటే ఆ దోసెడు నీళ్ళలో ఉన్నవన్నీ ఒప్పుకోవాలి. పురుగుమందు ఉంది, యూరియా ఉంది, ఊరి మురుగుంది, రొయ్యల చెరువులు దులిపేసిన నీరుంది. నీళ్ళలో ఉమ్మకూడదు, మలమూత్రాలు విడవకూడదు అని మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనే ఉంది. ఆ నియమం గట్టు మీద నిలబడ్డ మనిషికి చెప్పింది. గట్టుకి పది మైళ్ళ అవతల పైపు పెట్టి కూర్చున్నవాడికి అది వర్తిస్తుందా? నది కొత్త దారి పట్టిందని నమ్మితే తప్పకుండా వర్తిస్తుంది.

కోరంగి వైపు సాగాం. ఒకప్పుడు ఈ ఊరి పేరు బంగాళాఖాతం చుట్టూ తెలుసు. ఇక్కడా తాళ్ళరేవులోనూ ఓడలు కట్టేవారు. ఇక్కణ్ణించి ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు ఎంతమందంటే, రంగూన్‌లో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వచ్చి ఊరిని ముంచేశాయని, ఇరవై వేలమంది పోయారని ఆనాటి రాతలు చెబుతాయి. యాభై ఏళ్ళకి, 1839 నవంబరు 25న, మళ్ళీ ఉప్పెన. రేవు పూడిపోయింది, వర్తకం కాకినాడకి తరలింది. ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ 1708లో ఫ్యాక్టరీ పెట్టింది, బట్టల వ్యాపారానికి. బండమూర్లంకలో మరొకటి. నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంకొకటి, అక్కడి గుడ్డ యూరప్‌లో మాడపోలం పేరుతో అమ్ముడయ్యేది. ఆ ఫ్యాక్టరీ స్థలాన్ని గోదావరే కోసుకుపోయింది. ద్రాక్షారామంలో డచ్చివాళ్ళ సమాధులున్న చోటుని ఒలాందు దిబ్బ అంటారు. యానాంలో ఫ్రెంచివాళ్ళు 1731 నుంచి స్థిరపడి, మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ళకి వదులుకుంటూ, 1954 దాకా ఉన్నారు. 1846 నాటి చర్చి ఇంకా ప్రార్థనలతో నిండుగా ఉంది. అక్కయ్య దాని ముందు ఆగి దండం పెట్టింది.

వీళ్ళంతా రాయీ సున్నం వేసి, ఇక్కడే ఉండిపోతామనుకుని కట్టారు. చొల్లంగిలో ఎవరూ ఏమీ కట్టలేదు. ఏడాదికో రోజు బురదలో నిలబడి నాలుగు మాటలు చెప్పుకున్నారు. ఇవాళ ఇంజరం ఫ్యాక్టరీ కోసం ఎవరూ రారు. ఈ తేడా చూసి ధర్మం శాశ్వతం, వ్యాపారం అశాశ్వతం అని తేల్చేయడం సులువు. నాకది చాలదు. కోరంగి రేవుని చంపిన పూడికే తుల్యభాగనీ చంపింది. మట్టికి ఇద్దరూ ఒకటే. యాత్ర బతికింది ఎందుకంటే, నది జరిగిన చోటికి జనం కూడా జరిగారు.

యానాంలో ఫ్రెంచి అధికారిగా పద్దెనిమిదో శతాబ్ది చివర్లో ఒకాయన ఉండేవాడు, పియర్ సొనెరా. తూర్పు దేశాలు తిరిగి మొక్కల్నీ పక్షుల్నీ రాసుకున్న మనిషి. ఆయన పేరు మీద లిన్నేయస్ కొడుకు ఒక మడజాతి చెట్టుకి సొనెరాషియా అని పేరు పెట్టాడు. ఆ జాతి చెట్లు ఇవాళ్టికీ కోరంగి మడ అడవిలో, ఆయన పాలించిన ఊరికి పడవ దూరంలో, పెరుగుతున్నాయి. ఆయన ఏలిన కచేరీ గురించి అడిగేవాళ్ళు లేరు. చెట్టు ఉంది.

ఆ అడవి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1978లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, పాలు కంట్లో పడితే చూపు పోయే తిల్ల. పాటు వేళ నీళ్ళు దిగితే బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్ళు వేలకొద్దీ పైకి పొడుచుకుని కనిపిస్తాయి. పోటొస్తే అన్నీ మునుగుతాయి. బావురుపిల్లి రాత్రిపూట ఆ బురదలో చేపలు పడుతుంది. నీటికుక్కలు పగలే గుంపుగా కనపడతాయి, కాలవ మలుపులో తలలెత్తి మనల్ని చూసి మళ్ళీ మునుగుతాయి. మడచెట్టు ఉత్త ఉప్పునీటిలో అంత ఏపుగా పెరగదు, ఉత్త మంచినీటిలో ఇతర చెట్లతో పోటీ పడలేదు. తీపీ ఉప్పూ కలిసేచోటే దాని రాజ్యం. కాబట్టి మా డెల్టాలో మడ అడవి కనిపిస్తే అక్కడ సంగమం జరుగుతోందని అర్థం. దీనికి స్థలపురాణం అక్కర్లేదు. సంగమాన్ని మనం చోటుగా లెక్కపెట్టుకుంటాం: ఇక్కడ తుల్యభాగ, అక్కడ ఆత్రేయ అని. పోటూ పాటూ చూసి పనిచేసినవాడిగా నాకు అది జరిగే పని. రోజుకి రెండుసార్లు సముద్రం ఏట్లోకి ఎగదన్నుతుంది, రెండుసార్లు ఏరు సముద్రంలోకి దిగుతుంది. ఏటి నీరు రావడం ఆగినరోజు పేరు మిగులుతుంది, సంగమం ఉండదు. మొదట ఆ సంగతి తెలిసేది మడచెట్టుకి.

ఉద్యోగంలో ఉండగా పనిమీద హోప్ ఐలండుకి కూడా వెళ్ళాను. కాకినాడకి ఎదురుగా సుమారు పదహారు కిలోమీటర్ల ఇసుక తిన్నె. గోదావరి తెచ్చిన మట్టిని సముద్రం ఉత్తరానికి నెట్టి వేసిన దిబ్బ. దాని వయసు రెండు వందల ఏళ్ళకి కాస్త అటూ ఇటూ. అంటే మా జిల్లాలో చాలా గుళ్ళకన్న చిన్నది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అర్ధరాత్రి ఆ ఇసుక మీదకెక్కి గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. వాటి పూర్వీకులు గుడ్లు పెట్టిన నాటికి ఈ దీవి లేదు. ఇసుక ఎక్కడ పేరుకుంటే అక్కడికి వచ్చాయి. చొల్లంగి అమావాస్యకి కాస్త అటూ ఇటూగానే వాటి రాక కూడా. తీర్థాలు ఆదిలోనే అన్నీ ఏర్పడి అయిపోయాయని నేనిప్పుడు అనుకోవడం లేదు. కొత్తవి పుడుతుంటాయి.

పుట్టినట్టే పోతాయి కూడా. ఇది చెప్పకుండా అంతర్వేది గురించి మాట్లాడలేను. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడి ఇప్పటి రూపానికి 1823లో వచ్చింది. కొపనాతి కృష్ణమ్మ అనే అగ్నికులక్షత్రియుడు, ఓడల యజమాని, కట్టించాడు. సముద్రం మీద బతికినవాడు సముద్రపు ఒడ్డున దేవుడికి ఇల్లు కట్టాడు. గుడి దాటి ఇంకా ముందుకి వెళితే అన్నాచెల్లెళ్ళ గట్టు, వాసిష్ఠ సముద్రంలో కలిసే చోటు. నది నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్య గీత కంటికి తెలుస్తుంది. యాత్రలో చాలా చోట్ల ఊహించుకోవలసి వచ్చింది, ఇక్కడ ఏడో రుషి కళ్ళ ముందే ఉన్నాడు. ఏకాదశినాడు రథం కదిలేటప్పటికి సఖినేటిపల్లి నుంచి వచ్చే రోడ్డంతా మనుషులే.

కానీ ఆ ఒడ్డు నిలకడగా లేదు. 1976 నుంచి 2001 మధ్య గోదావరి డెల్టా తీరం నికరంగా పద్దెనిమిది చదరపు కిలోమీటర్లకి పైగా సముద్రానికి పోగొట్టుకుందని శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. కారణం వాళ్ళే చెప్పారు. పైన కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోతోంది. 1970లలో ఏడాదికి సుమారు పదిహేను కోట్ల టన్నుల మట్టి మోసిన నది 1990లకి ఆరు కోట్ల టన్నుల లోపుకి వచ్చింది. రుషులు నీళ్ళు తెచ్చారని మనం పాడుకుంటున్నాం. మనం నిలబడ్డ నేల, వరి పండే లంక, కొబ్బరి తోట, గుడి పునాది, తాబేలు ఎక్కే ఇసుక అన్నీ ఆ నీళ్ళ వెంట వచ్చిన మట్టి. మట్టి లేని గోదావరి తెల్లగా, తేటగా ఉండొచ్చు. డెల్టాకి అది తల్లి పాలు ఆగినట్టే. ఉప్పాడలో ఇళ్ళు సముద్రంలోకి జారిపోవడం చూసినవాళ్ళకి ఇది ఉపమానం అనిపించదు.

కాటన్‌ని భగీరథుడన్న నోటితోనే నేను ఆనకట్టల్ని తప్పుపట్టడం లేదు. మా ఇంట్లో అన్నం ఆ ఆనకట్టదే. కానీ స్నానం చేసి పుణ్యం పుచ్చుకునేవాడు ఆ లెక్కలో రెండో వైపు కూడా చూడాలి. నదిలోంచి ఏం తీసుకున్నామో, ఏం ఆపామో, బదులు ఏం కలిపామో. పెద్దలు రుణం అన్నారు, దేవరుణం, రుషిరుణం, పితృరుణం అని మూడు. పాయలు తెచ్చిన రుషులకి రుణం ఎలా తీర్చాలి అంటే వేదం చదివి అంటారు. చొల్లంగి బురదలో నిలబడితే నాకు తోచింది వేరు. ఆ రుషి తెచ్చిన నీరు ఆయన తెచ్చినంత శుభ్రంగా సముద్రానికి దాటించడం కూడా రుషిరుణమే. 2027లో పుష్కరాలొస్తున్నాయి. రాజమహేంద్రవరంలో ఘాట్లకి సిమెంటు వేస్తారు, వేయనీండి. తుల్యభాగ మొగ దగ్గర మడ మొక్కలు నాటే పని, డ్రెయిన్లో పడే నీటిని పరీక్ష చేయించే పని కూడా పుష్కర పనుల్లోనే రావాలని నేను అడుగుతున్నాను. అదీ తీర్థం పనే.

అంతర్వేది నుంచి వచ్చాక అక్కయ్య పెద్దకొడుకుని పిలిచింది. వాడికి మూడెకరాల రొయ్యల చెరువులున్నాయి, పట్టుబడి కాగానే నీరంతా నేరుగా డ్రెయిన్లోకి వదిలేస్తాడు. అందరూ చేసేది అదే. మురుగునీరు కొన్నాళ్ళు నిలబెట్టి వదిలే చెరువు వీడికి లేదు.

"నేను మొన్న నోట్లో పోసుకున్న నీళ్ళురా అవి" అంది అక్కయ్య.

"నువ్వు తాగుతావని నాకేం తెలుసమ్మా? అయినా నేనొక్కణ్ణీ ఆపితే ఆ డ్రెయిను బాగుపడుతుందా? పైన వందమంది ఉన్నారు."

"వందమంది సంగతి వాళ్ళ అమ్మలు చూసుకుంటారు."

వాడు నా వైపు చూశాడు, మావయ్య ఇంజనీరు కదా, తన పక్షం మాట్లాడతాడని. నీరు నిలబెట్టడానికి ఎంత జాగా కావాలో చెప్పాను. అర ఎకరానికి తగ్గదు. అర ఎకరం అంటే పంటకి ఎంత పోతుందో వాడు వేళ్ళ మీద లెక్క కట్టాడు. చాలాసేపు వాదించాడు. ఈ పంట తీశాక మూల చెరువు విడిచిపెడతాను, కానీ మొత్తం అర ఎకరం కాదు, పాతిక సెంట్లే అన్నాడు. పాతిక సెంట్లకి ఎన్ని రోజులు నీరు నిలబడాలి, గట్టు ఎంత ఎత్తు పోయాలి అని కాగితం మీద వేసి ఇమ్మన్నాడు. వేసి ఇచ్చాను. మిగతా పాతిక గురించి అక్కయ్య ఇంకా వాడితో మాట్లాడుతూనే ఉంది.